మియాపూర్ ఫ్లాట్‌లోకి ముధోల్ క్రాస్: ఇంత హుషారైన కుక్కని దత్తత తీసుకోవచ్చా?

మహి_మియాపూర్

అందరికీ నమస్తే. కుక్కని దత్తత తీసుకోవాలని ఇంట్లో అందరం ఒక మాట మీదికి వచ్చాం, ఏ కుక్క అన్న దగ్గర ఆగిపోయాం. మాది రెండో అంతస్తులో రెండు బెడ్‌రూంల ఫ్లాట్. నేను, మా ఆయన, మూడో తరగతి చదివే బాబు, మా అత్తయ్య. నాకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని.

రెస్క్యూ వాళ్ళ దగ్గర జున్ను అని ఒక ఆడకుక్క ఉంది. వయసు ఏడాదిన్నర ఉంటుందని అంచనా. జహీరాబాద్ దగ్గర హైవే పక్కన దొరికిందట. పొడుగు కాళ్ళు, లోతైన ఛాతీ, సన్నటి నడుము చూసి ముధోల్ అనే వేటకుక్క జాతి క్రాస్ అంటున్నారు. తోక మాత్రం మన వీధికుక్కల్లాగే చుట్ట తిరిగి ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, దానికి గుర్తుగా చెవికి గాటు కూడా ఉంది. టీకాలు వేశామన్నారు. మనుషులంటే ప్రాణం పెడుతుంది. ఇబ్బందల్లా దాని హుషారుతోనే. మేం అక్కడున్నంతసేపూ ఒక్కచోట నిలబడలేదు. బాబు మీదికి దూకింది, నా చున్నీ లాక్కుపోయింది, నీళ్ళ తొట్టి బోర్లించింది. మావాడు మాత్రం ఇదే కావాలని కూర్చున్నాడు. అత్తయ్యేమో కారు కూడా దిగలేదు.

ఫ్లాట్‌లో ఇలాంటి కుక్క ఇమడగలదా? రోజూ ఎంతసేపు పరిగెత్తించాలి? ఇంకో టెన్షన్: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన అప్పుడే "లిఫ్టులో కుక్కలకు ప్రవేశం లేదు" అని పెట్టేశారు.

సైకిల్_సందీప్

అక్కా, ఇంకేం ఆలోచించకండి, తీసేసుకోండి. నా దగ్గరున్నదీ క్రాసే. తల్లి ల్యాబ్ (లాబ్రడార్), తండ్రి ఎవరో ఆ వీధికే తెలియాలి. ఇలాంటివాటికి పరుగును మించిన మందు లేదు. పొద్దున్నే సైకిల్‌కి కట్టి ఐదారు కిలోమీటర్లు తిప్పుతా. ఇంటికొచ్చి సోఫా కింద పడుకుందంటే మళ్ళీ సాయంత్రమే లేవడం. ఒళ్ళు అలిశాక అల్లరి ఎక్కడిది?

విశాఖ_వనజ

సందీప్, నీ కుక్కకి అది సరిపోయిందేమో కానీ కొత్తగా ఇంటికొచ్చే కుక్కకి ఆ సలహా ఇవ్వకు తమ్ముడూ. రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తించావనుకో, కొన్నాళ్ళకి దానికి దమ్ము పెరుగుతుంది. అప్పుడు ఐదు చాలదు, ఎనిమిది కావాలి. నీకు జ్వరమొచ్చినా బయట తుఫాను వచ్చినా అది గుమ్మం దగ్గర రెడీగా ఉంటుంది. ఇంట్లో మనిషి కంటే ఎక్కువ స్టామినా ఉన్న కుక్కని మనమే తయారుచేసుకున్నట్టు.

మహి గారూ, నేను చాలాకాలంగా ఫోస్టర్ చేస్తున్నాను, అంటే దత్తత కుదిరేదాకా కుక్కల్ని ఇంట్లో ఉంచుకుంటాను. హైపర్ అని పేరు పడి ఎవరూ తీసుకోని కుక్కలే ఎక్కువగా నా దగ్గరికి వస్తాయి. వీటిలో చాలావాటికి పరుగు తక్కువై కాదు సమస్య, ఊరికే ఉండటం తెలియకే. షెల్టర్‌లో రోజంతా మొరుగుళ్ళు, పక్క గూళ్ళలో పదిరకాల కుక్కలు, మనిషి కనబడగానే ఊచల దగ్గరికి ఉరకడం. కంటినిండా నిద్ర ఎక్కడిది? పెద్ద కుక్క రోజుకి పన్నెండు గంటలు, అంతకంటే ఎక్కువే పడుకోవాలి. మీరు చూసిన హుషారులో సగం నిద్ర చాలని చికాకే అయ్యుంటుంది. నిద్ర రాని పిల్లలు రాత్రి పదింటికి మంచాల మీద గెంతరూ, అలా అన్నమాట.

ఇంటికి తెచ్చిన మొదటి రోజుల్లో చుట్టాల్ని పిలవకండి. స్నానం, పెట్ షాపు, పార్కు ఏవీ వద్దు. ఒక గది మూల, ఒక పాత దుప్పటి, రోజూ ఒకే వీధి, ఒకే వేళ. రెస్క్యూ వాళ్ళ నోట్లో ఒక లెక్క నానుతుంటుంది: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. అన్ని కుక్కలూ ఆ లెక్క ప్రకారం నడవవు కానీ మొదటి వారం చూసి తీర్పు చెప్పకూడదనడానికి పనికొస్తుంది.

ఇక వాకింగ్. పది పదిహేను అడుగుల పొడుగు తాడు కట్టి దాని ముక్కు ఎటు పోతే అటు మీరూ వెళ్ళండి. ప్రతి స్తంభమూ వాసన చూడనివ్వండి. లాక్కుంటూ గంట నడిపించిన దానికంటే వాసన చూస్తూ అరగంట తిరిగితే కుక్క ఎక్కువ నెమ్మదిస్తుంది. అన్నం కూడా గిన్నెలో పెట్టి ఒక్క నిమిషంలో అయిపోనివ్వకండి. పాత లుంగీలో ముద్దలు పెట్టి మడతలేసి వదులుగా ముడెయ్యండి. లేదంటే అట్టపెట్టె నిండా నలిపిన పేపర్లు వేసి వాటి మధ్య దాచండి. మొదట్లో పక్కనే ఉండండి, గుడ్డ మింగే రకం కూడా ఉంటాయి. ఇల్లంతా చెత్తవుతుంది, ఊడ్చుకోండి. నమిలిన చెప్పుల కంటే పేపర్లు చవకే కదా.

సైకిల్_సందీప్

వనజక్కా, మీ మాట కాదనను. కానీ బొత్తిగా పరుగే లేకపోతే ముధోల్ లాంటిది పిచ్చెక్కిపోతుంది. అది వేటకుక్క.

విశాఖ_వనజ

పరుగు వద్దనలేదు. నాలుగు వైపులా గోడ ఉన్న ఖాళీ స్థలంలో, వారంలో రెండు మూడుసార్లు, దానంతటది పరిగెత్తనీ. రోడ్డు మీద సైకిల్ చక్రం పక్కన కాదు.

డాక్టర్_ఓరుగల్లు

పశువైద్యుడిని. ముందు కొన్ని ఆరోగ్య విషయాలు.

టీకాలు వేశామని నోటిమాటగా చెబితే సరిపోదు. కార్డు అడగండి, దాని మీద సీసా స్టిక్కర్లు, తేదీలు ఉండాలి. రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకి వేసే నైన్-ఇన్-వన్ లాంటిది, రెండూ కనబడాలి. లేవంటే మళ్ళీ మొదలుపెట్టినా నష్టం లేదు.

తెచ్చిన వారంలోపు రక్తపరీక్ష చేయించండి. హైవే పక్క పెరిగిన కుక్కకి గోమార్లు పట్టకుండా ఉండవు. వాటి వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు మన రాష్ట్రాల్లో చాలా ఎక్కువగా చూస్తాం. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది, ఒక్కోసారి మాత్రం ఏ లక్షణమూ లేకుండా నెలల తరబడి లోపలే ఉంటుంది. ఎర్లీకియా తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. వారానికే కుక్క లేచి తిరుగుతుంది, యజమానులు మందు ఆపేస్తారు. అక్కడే జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది.

ముధోల్ పోలిక నిజమే అయితే ఇంకో రెండు సంగతులు. ఒకటి, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. తిన్న వెంటనే పరుగులు, గెంతులు వద్దు. రోజు తిండి ఒకేసారి కాకుండా రెండు మూడుసార్లుగా పెట్టండి. రెండోది, ఒంట్లో కొవ్వు తక్కువ ఉన్న ఈ రకానికి కొన్ని మత్తుమందులు త్వరగా దిగవు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే డాక్టరుకి ముందే గుర్తుచేయండి.

ఎముకలు కనబడుతున్నాయని ఎడాపెడా మేపకండి. ఈ జాతి పోలికకి చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనబడటం ఆరోగ్యమే.

సుభద్ర_గుంటూరు

అమ్మాయ్ మహీ, అందరూ కుక్క గురించే చెప్తున్నారు, కారు దిగని మీ అత్తయ్య గురించి నేను చెప్తా. నేనూ అత్తగారినే. మా కోడలు కుక్కని తెస్తానన్న రోజున నేను రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. నా భయం కుక్క కరుస్తుందని కాదు. మీరంతా ఆఫీసులకి పోయాక దాని చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందని. దేవుడి గదిలోకి వస్తే ఏం చెయ్యాలని. మోకాళ్ళ నొప్పులున్న దాన్ని, కాళ్ళకడ్డం పడితే తుంటి విరుగుతుందని.

ముందు ఆవిడతో కూర్చుని మాట్లాడు. పొద్దున ఎవరు తిప్పుతారు, వాంతి చేసుకుంటే ఎవరు తుడుస్తారు, నీ ఆఫీసు రోజుల్లో మధ్యాహ్నం బయటికి ఎవరు తీసుకెళ్తారు, ఇవి పేర్లతో సహా తేలాలి. వాటిలో ఆవిడ పేరు ఉండకూడదు. వంటింటికి, దేవుడి గదికి పసిపిల్లలకి పెట్టే అడ్డుగేటు పెట్టించు. ఆ గేటు వచ్చాకే నేను మెత్తబడ్డాను.

ఇప్పుడు పెరుగన్నం మొదటి ముద్ద ఎవరికి పోతుందో అడక్కు.

గోదారి_గట్టు

సుభద్రమ్మ గారు అసలు సంగతి పట్టుకున్నారు. నేనైతే ఫ్లాట్ ఎన్ని చదరపు అడుగులని అడగను, పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇంట్లో ఎవరుంటారని అడుగుతాను. ఎకరం దొడ్లో ఒంటరిగా గొలుసుకి కట్టిన కుక్క కంటే మనుషుల మధ్య చిన్న ఫ్లాట్‌లో ఉన్నదే నయం. మహి ఆఫీసుకెళ్ళే రెండు రోజులకి ఏర్పాటు లేకపోతే ఇది కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

పెరుగన్నం మాటకొస్తే సుభద్రమ్మ గారూ, అదొక్కటే చాలదండీ. గుడ్డో, ఉడికించిన కోడిమాంసమో కలవాలి. మిగిలిన సాంబారు పొయ్యకండి, ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు పనికిరావు. వండిన కోడి ఎముకలు చీలి పేగులో గుచ్చుకుంటాయి.

అన్నట్టు, ముధోల్ అంటే కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాలో ఒక ఊరు. 2005లో మన తపాలా శాఖ ఆ కుక్క మీద స్టాంపు వేసింది. నా ఆల్బమ్‌లో ఉంది.

ఫ్రిస్కో_ఫణి

టెక్సాస్ నుంచి. ఒక్క విషయంలో జాగ్రత్త అంటాను: ముధోల్ అనే మాట మీద మరీ ఆధారపడకండి. ఇక్కడ షెల్టర్లలో కాస్త చెవులు వాలిన ప్రతి కుక్కకీ ల్యాబ్ మిక్స్ అని చీటీ తగిలిస్తారు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ల్యాబ్ ఆనవాలే ఉండదు చాలాసార్లు. మాదాన్ని షెపర్డ్ మిక్స్ అని ఇచ్చారు. రిపోర్టులో ఏడు జాతులు వచ్చాయి, షెపర్డ్ వాటిలో నాలుగోది.

2022 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో దీని మీద పెద్ద అధ్యయనం వచ్చింది. పద్దెనిమిది వేలకి పైగా కుక్కల యజమానుల జవాబులు, రెండు వేలకి పైగా కుక్కల జన్యువులు చూశారు. కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమే అని తేల్చారు. అంటే జున్ను ఎలాంటిదో తెలుసుకోవాలంటే జున్నునే చూడాలి. ఇంకో రెండు సార్లు, వేరే వేరే వేళల్లో వెళ్ళండి. గొడవ లేని చోట దాంతో కాసేపు కూర్చోండి. పావుగంటకైనా నేల మీద వాలుతుందా? తింటున్న గిన్నె దగ్గరికి వెళ్తే ఎలా ఉంటుందో అక్కడి వాళ్ళని అడగండి. పిల్లి, కోడి ఎదురైతే?

నిక్కచ్చి_నారాయణ

అందరూ ముద్దులాడుతున్నారు, నేనొకటి అడుగుతా. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి కుక్కలు చంపేశాయి. మరిచిపోయారా? చిన్న పిల్లాడున్న ఇంట్లోకి రోడ్డు మీది కుక్కని తెచ్చుకోవడం ఏం తెలివి? సరదాగా ఉంటే డబ్బు పెట్టి మంచి జాతికుక్కని కొనుక్కోవచ్చుగా.

సైకిల్_సందీప్

జాతికుక్కలు కరవవా సార్? మా కాలనీలో కరిచింది పెడిగ్రీ కాగితాలున్న కుక్కే.

నిర్వాహకుడు

వీధికుక్కల మీద చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్ళండి. ఇక్కడ మహి గారి ప్రశ్న ఒక్కటే.

విశాఖ_వనజ

నిర్వాహకుడు గారూ, పిల్లాడి సంగతి మటుకు ఇక్కడిదే, చెప్పనివ్వండి. నారాయణ గారి కోపంలో న్యాయం ఉంది. బాబునీ కుక్కనీ పెద్దవాళ్ళు లేకుండా ఒక గదిలో వదలకూడదు. అది జున్నుకే కాదు, లక్ష రూపాయల కుక్కకైనా అంతే. తింటుంటే, పడుకుంటే కదపకూడదని, మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకోకూడదని బాబుకి ముందే నేర్పండి. మీదికి దూకితే పరిగెత్తకుండా చెట్టులా నిలబడి చేతులు కట్టుకోమనండి. నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే ఇంట్లో ఎవరైనా పలకరించాలి. ఒకరు ముద్దుచేసి ఒకరు కసిరితే అది ఎప్పటికీ నేర్చుకోదు.

డాక్టర్_ఓరుగల్లు

దానికి నాదొక చేర్పు. ఆటలో పన్ను గీరుకుని రక్తం వచ్చినా సరే, 15 నిమిషాలు ధారగా నీళ్ళు వదిలి సబ్బుతో కడగండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. కుక్కకి టీకా ఉందని మీరే నిర్ణయం తీసుకోకండి. పసుపు, సున్నం పెట్టడాలు వద్దు.

అసోసియేషన్_బాధితుడు

లిఫ్టు సంగతి నాకు వదిలేయండి, ఈ పోరాటంలో పండిపోయాను. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్ మెజారిటీతో తీర్మానం చేసినా పెంపుడు కుక్కని నిషేధించడానికి వీల్లేదు. లిఫ్టూ అంతే, అదనపు చార్జీ వసూలూ అంతే. 2021లో కేరళ హైకోర్టు ఇలాంటి నిషేధపు నిబంధనలు చెల్లవంది. కానీ ఈ కాగితాలు మొదటి రోజే గ్రూపులో పడెయ్యకండి. నేను పడేశాను కాబట్టి మా ఫ్లోర్‌లో ముగ్గురు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ముందు మీ మున్సిపల్ కార్పొరేషన్‌లో కుక్కని రిజిస్టర్ చేయించండి, రేబిస్ సర్టిఫికెట్ ఒక కాపీ సెక్రటరీ గారికి మీరే ఇవ్వండి. లిఫ్టులో ఎవరైనా ఉంటే తర్వాతిదానికి ఆగండి. చేతిలో కవర్లు కనబడేలా పట్టుకుని వాకింగ్‌కి వెళ్ళండి. సగం గొడవలు అక్కడే చల్లారతాయి.

ఇంకోటి. వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో దత్తత ప్రస్తావన ఉంది. తీసుకున్నవాళ్ళు ఆ కుక్క మళ్ళీ రోడ్డు మీదికి రాకుండా చూసుకోవాలన్నారు. కుదరకపోతే తెచ్చిన చోటే వదిలేద్దాం అనుకునేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి. దత్తత పత్రంలో 'కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వాలి' అనే మాట ఉందో లేదో చూసుకోండి.

మహి_మియాపూర్

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. సుభద్ర గారి పోస్టు అత్తయ్యకి చదివి వినిపించాను. "ఆవిడెవరో నా మనసులో మాట రాసింది" అన్నారు. పనులన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. పొద్దున మా ఆయన, సాయంత్రం నేను. నా ఆఫీసు రోజుల్లో కింది ఫ్లోర్‌లో ఉండే ఇంటర్ అమ్మాయి మధ్యాహ్నం వచ్చి తిప్పుతుంది, ఆ అమ్మాయికి నెలకింత అని మాట్లాడుకున్నాం.

ఫణి గారు చెప్పినట్టు మళ్ళీ వెళ్ళాం. ఈసారి జనం లేని వేళ. మొదట అదే గోల. బాబు చెట్టులా నిలబడ్డాడు, కాసేపటికి అది విసుగొచ్చి వాడి పాదాల దగ్గర కూలబడింది. కోళ్ళ విషయం మాత్రం ఆశ పెట్టుకోవద్దని అక్కడి అమ్మాయి నవ్వుతూ చెప్పేసింది. పిల్లిని చూసినా అంతేనట. ప్రస్తుతానికి ఫోస్టర్ కింద ఇస్తామన్నారు, అన్నీ కుదిరితే అప్పుడు దత్తత పత్రం.

ఇంకో డౌట్: మా బాల్కనీకి నడుం ఎత్తు గ్రిల్లే ఉంది. పావురాలు తెగ వాలతాయి.

గోదారి_గట్టు

నెట్ వేయించకుండా కుక్కని తీసుకురాకండి. పావురం కనబడితే దానికి రెండో అంతస్తా మూడో అంతస్తా అని గుర్తుండదు.

విశాఖ_వనజ

ఫోస్టర్‌గా మొదలుపెట్టడం మంచి పని. నెట్‌తో పాటు బెల్టు కూడా చూసుకోండి. ఈ రకానికి మెడ లావు, తల సన్నం. మామూలు బెల్టు ఒక్కసారి వెనక్కి గుంజితే ఊడి చేతికొస్తుంది. ఒంటికి తొడిగే హార్నెస్, దానికొక తాడు, మెడ బెల్టుకి ఇంకో తాడు, రెండూ కలిపి పట్టుకోండి కొన్నాళ్ళు. బెల్టు మీద మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ళ ఉండాలి. దీపావళి టపాసులకి పారిపోయి దొరకని కుక్కలు ప్రతి ఏడాదీ ఉంటాయి.

ఎండాకాలంలో ఆరులోపు, రాత్రి ఎనిమిది తర్వాతే బయటికి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు.

నిక్కచ్చి_నారాయణ

నెట్, గేటు, పనుల కాగితం అన్నీ చూశాక నాకు పెద్దగా అభ్యంతరం లేదు. ఖర్చెంతో ఎవరూ చెప్పలేదు.

సైకిల్_సందీప్

ఇంట్లో వండిపెడితే తిండి, గోమార్ల మందు, నులిపురుగుల మందు కలిపి నాకు నెలకి నాలుగైదు వేలు అవుతోంది సార్. కొన్న మేత పెడితే ఇంకా ఎక్కువ. జబ్బు చేసిందంటే ఈ లెక్క పనిచేయదు, దానికి వేరే డబ్బు పక్కన పెట్టుకోవాలి.

మహి_మియాపూర్

అప్‌డేట్. జున్ను ఇంటికొచ్చి నెల దాటింది, దత్తత పత్రం మీద సంతకాలు కూడా అయ్యాయి. రక్తపరీక్షలో ఎర్లీకియా తేలింది. డాక్టర్ గారు చెప్పినట్టే 28 రోజులూ మందు పూర్తి చేశాం. మొదటి వారం మా ఆయన చెప్పులు, రిమోట్, అత్తయ్య విష్ణుసహస్రనామం పుస్తకం అట్ట పోయాయి. పుస్తకం పోయినప్పుడు ఇంట్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఆవిడ "కొత్తది తెచ్చిపెట్టండి" అని ఊరుకున్నారు. లుంగీ ముడి ఐడియా బ్రహ్మాండం, ముడి విప్పడానికి దానికి చాలాసేపు పడుతోంది, తర్వాత నిద్రే. ఇప్పటికీ సాయంత్రం ఏడింటికి హాల్లో గిరగిరా పరుగులు తీస్తుంది, ఆ పది నిమిషాలూ మేం సోఫా ఎక్కి కూర్చుంటాం. లిఫ్టు ఆయన ఇంకా మొహం ముడుచుకునే ఉన్నారు.

కొత్త ప్రశ్న: సంక్రాంతికి మా పుట్టింటికి, తణుకు వెళ్ళాలి. రైల్లో తీసుకెళ్ళనిస్తారా? అక్కడ పెరట్లో కోళ్ళున్నాయి మరి.

అసోసియేషన్_బాధితుడు

ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపేగానీ క్యాబిన్‌గానీ మొత్తం మీ పేరు మీదే ఉంటే తీసుకెళ్ళొచ్చు. పార్సిల్ ఆఫీసులో విడిగా బుక్ చేయించాలి, టీకా కాగితాలు చూపించాలి. లేదంటే బ్రేక్‌వ్యాన్‌లో కుక్కల పెట్టె ఉంటుంది, జున్ను లాంటిదాన్ని రాత్రంతా ఒంటరిగా అందులో పెట్టమని మాత్రం చెప్పను. పండగ రద్దీలో కూపే దొరకడం కష్టం. కారే నయం. దారిలో ఆగినప్పుడు తాడు చేతికి చుట్టుకున్నాకే తలుపు తీయండి.

గోదారి_గట్టు

తణుకంటే మా పక్కనే. కోళ్ళు పందెం కోళ్ళు కాదు కదమ్మా? అయితే మాత్రం ఆ మూడు రోజులూ జున్నుని మా ఇంట్లో దింపి వెళ్ళు. కోడి పోతే మీ నాన్నగారు అల్లుడు గారితో మాట్లాడరు.